మా బావ లేపి చూసిన టూల్ ట్రాలీలు

ఇది ఒక మహాగాథ. ఇందులో సముద్రాలు దాటిన వీరుడున్నాడు. ఎడారి ఉంది. ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఇల్లాలు ఉంది. మూడు పట్టణాల మీదుగా సాగిన దండయాత్ర ఉంది. ఉక్కుతో చేసిన నాలుగు చక్రాల ఎర్రని రథం ఉంది. గుండె చిక్కబట్టుకుని చదవాలి.

నిజానికి అంత లేదు. మా బావ పానాలు, పకడ్లు లాంటి పనిముట్లు పెట్టుకోవడానికి చక్రాలున్న ఇనుప పెట్టె ఒకటి కొన్నాడు. దాన్ని టూల్ ట్రాలీ అంటారు. కోరుట్లలో నచ్చింది దొరక్క జగిత్యాల వెళ్లాం. యుద్ధమేమీ జరగలేదు. సమోసాలు తిన్నాం. చట్నీలో ఉప్పెక్కువైంది. అంతకు మించిన రక్తపాతం నాకు గుర్తు లేదు.

అయినా ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఆ పెట్టె కొంటే మా బావ ఇంట్లో ఉంటాడు, కొనకపోతే విమానం ఎక్కుతాడు. ఈ సూత్రం నాది కాదు, మా అక్కది. మా ఇంట్లో సూత్రాలన్నీ అక్కే కనిపెడుతుంది. నేను వాటి మీద జోకులు వేస్తాను. ఎవరి పని వాళ్లది.

మాది సిరిసిల్ల. ఇంటి వెనక షెడ్డులో మగ్గాలు, అంటే కరెంటు మీద నడిచే సాంచాలు. నాన్న నేస్తాడు, నేను వాటిని రిపేరు చేస్తాను. అక్కను కోరుట్లలో ఇచ్చాం. బావ షార్జాలో ఒక గ్యారేజీలో మెకానిక్. పెళ్లయినప్పటి నుంచీ ఆయన మా అక్కకు భర్తగా, షార్జాకు ఉద్యోగిగా ఉంటూ వచ్చాడు. ఎవరికెక్కువ సమయం ఇచ్చాడని అడగొద్దు, షార్జా గెలుస్తుంది.

ఈసారి సెలవు మీద వచ్చిన వారానికే అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, మీ బావ ఇగ పోనంటుండు."

"మంచిదే కదనే. సంబురపడక ఏడ్పు గొంతేంది?"

"పోయినసారి గూడ గట్లనే అన్నడు. దానికి ముందుసారి గూడ. గీసారి ఇంటి ముందర షెడ్డేసి మెకానిక్ పని పెడ్తడట. గా పెట్టె ఏందో ఉంటదట, టూల్ ట్రాలీ. అది కొన్నంక మొదలుపెడ్తడట. రోజూ ఫోన్ల చూస్తుండు, ఒక్కటీ నచ్చుతలేదు. ఇంకో దిక్కు కంపెనీ నుంచి ఫోన్లు వస్తున్నయి. జర నువ్వు వచ్చి ఆ పెట్టె కొనిపియ్యి."

"నేనెందుకే? నాకేం తెలుసు పెట్టెల గురించి?"

"నీకేం తెల్వదు. గందుకే రమ్మంటున్న. తెలిసినోళ్లు వస్తే ఇద్దరు కూసొని ఇంకో నెల మాట్లాడుతరు."

మెచ్చుకోలో తిట్టో తెలియని మాటలు చెప్పడంలో అక్కను మించినవాళ్లు లేరు. సంచిలో ఒక జత బట్టలు పెట్టుకున్నాను. నాన్నకు సంగతి చెప్పాను. మా షెడ్డులో పనిముట్లన్నీ ఒక పాత నూనె డబ్బాలో ఉంటాయి. పానా కావాలంటే డబ్బాను నేల మీద గుమ్మరించాలి, పని అయ్యాక మళ్లీ అందులో వేయాలి. ఏళ్లుగా ఈ పద్ధతి మీద మాకు నమ్మకం సడలలేదు. అందుకే నాన్న కొంచెం ఆలోచించి అడిగాడు:

"పెట్టెకు చక్రాలెందుకురా? పానాలు ఎటన్న ఉరుకుతయా?"

కథలాపూర్ మీదుగా పోయే బస్సెక్కి, సగం దూరం నిలబడి, కోరుట్లలో దిగాను.

బావ అప్పటికే షెడ్డు వేయించాడు. ఇంటి ముందు రేకులు, కింద కొత్తగా సిమెంటు చేసిన నేల. పని కూడా మొదలైంది, ఆయన ఒప్పుకోవడం లేదంతే. గోడకు ఆనించి మందు కొట్టే పంపులు, పొలం మోటర్లు, ఒక బైకు వరసగా నిలబడి డాక్టరు కోసం ఎదురుచూస్తున్నాయి. "ఇయ్యి దుకాణం పని కాదు బామ్మర్దీ, ఊకె తెల్సినోళ్లయి" అన్నాడు. తెలిసినవాళ్లయే ఇన్ని పాడయ్యాయంటే, తెలియనివాళ్లు వస్తే షెడ్డు చాలదు.

ఆయన పనిముట్లు మాత్రం నేల మీద లేవు. సూట్‌కేసులో ఉన్నాయి. షార్జా నుంచి వచ్చిన, నల్లటి, పెద్ద సూట్‌కేసు. హ్యాండిలుకు విమానం వాళ్లు చుట్టిన కాగితం పట్టీ ఇంకా అలాగే ఉంది. పొద్దున తాళం తీసి పానాలు బయట పెడతాడు. సాయంత్రం ఒక్కోదాన్ని గుడ్డతో తుడిచి, పాత తువ్వాలలో చుట్టి, సూట్‌కేసులో పేర్చి, తాళం వేస్తాడు. ఎంత శుభ్రంగా పేరుస్తాడంటే, ఆ క్షణంలో ఎవరైనా టాక్సీ తెచ్చి హారన్ కొడితే చాలు, బయలుదేరవచ్చు.

అక్క గుమ్మంలో నిలబడి అది చూస్తూ నాతో మెల్లగా అంది: "సామాన్ సూట్‌కేసుల పెట్టుకున్నోడు ఇంట్ల ఉన్నట్టా తమ్మీ?"

జోకు వేద్దామని నోరు తెరిచాను. ఏదీ తట్టలేదు. నాకిది అరుదైన సంఘటన, అందుకే ఇక్కడ నమోదు చేస్తున్నాను.

మర్నాడు ముగ్గురం కోరుట్ల బజారుకు వెళ్లాం. దారి పొడుగునా బావ నాకు టూల్ ట్రాలీల శాస్త్రం బోధించాడు. ప్రతి వాక్యం "షార్జాల మా గ్యారేజీల" అని మొదలయ్యేది. నాకు అర్థమైనంతలో, లోకంలో ట్రాలీలు మూడు జాతులు. మొదటిది చౌక జాతి. రేకు పలచన. సొరుగు రేకు మీద రేకు రాసుకుంటూ జరుగుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు ముద్దుగా వస్తుంది, పానాలు నింపితే మొండికేస్తుంది. మూడోది ధనిక జాతి. ఫ్రిజ్జంత ఉంటుంది, సొరుగు తోస్తే దానంతట అదే మెల్లగా, చప్పుడు లేకుండా మూసుకుంటుంది. అది పెట్టుకుంటే మెకానిక్ కూడా ఇస్త్రీ చొక్కా వేసుకోవాలి. మనకు కావాల్సింది నడిమి జాతి. సొరుగుల పక్కన బేరింగులున్న పట్టీలు ఉండాలి, ఒక్క తాళం తిప్పితే అన్ని సొరుగులకూ పడాలి, పైన రబ్బరు పరుపు, కింద అరచేయంత చక్రాలు. చిన్న చక్రమైతే గచ్చు మీది చిన్న రాయికి కూడా సలాం కొట్టి ఆగిపోతుంది.

ఇంత తెలిసిన మనిషి మూడు నిమిషాల్లో కొనేస్తాడనుకున్నాను.

కోరుట్ల దుకాణంలో నీలం రంగు ట్రాలీ ఒకటి చూపించారు. బావ దాని సొరుగు లాగలేదు. తాళం చూడలేదు. చక్రం తిప్పలేదు. రెండు చేతులూ అడుగున వేసి, నడుము వంచి, ఆ పెట్టెను అమాంతం పైకి లేపాడు. గాలిలో కాసేపు పట్టుకున్నాడు. మళ్లీ కింద పెట్టి, "బరువు పర్వాలేదు" అన్నాడు. తర్వాతే మిగతావి చూశాడు. సొరుగు కిర్రుమంది. రేకు వేలితో నొక్కితే లోపలికి పోయి బయటికి వచ్చింది. "చౌక మాల్" అని బయటికి వచ్చేశాం.

రేకు మందం చూడటానికి లేపాడేమో అనుకున్నాను. మెకానిక్‌లకు ఏవో సొంత పరీక్షలు ఉంటాయి. మా నాన్న సాంచె బాగుందో లేదో చెవితో చెబుతాడు.

బస్సెక్కి జగిత్యాల వెళ్లాం. అక్కడి దుకాణం పెద్దది. గుమ్మం దగ్గరే మూడో జాతి ఎర్రని ట్రాలీ ఒకటి నిలబడి ఉంది, పెళ్లికొడుకు తండ్రిలాగా. దుకాణం సేటు దాని సొరుగును చిటికెన వేలితో లాగి చూపించాడు. బావ అది చూడలేదు. నేరుగా వెళ్లి, వంగి, పట్టుకుని లేపబోయాడు. అది కదల్లేదు. ముఖం ఎర్రబడేదాకా ప్రయత్నించాడు. ట్రాలీ ముఖం ముందే ఎర్రగా ఉంది కాబట్టి ఎవరు గెలిచారో చెప్పడం కష్టమైంది.

"బాగ బరువున్నది సేటు."

సేటు బావ వైపు, ట్రాలీ వైపు, నా వైపు చూశాడు. "చక్రాలున్నయి గదన్నా. నూకుతె పోతది. లేపుడెందుకు?"

"బరువు చూడొద్దా?"

"ఎందుకు చూడాలె? నెత్తిన పెట్టుకొని తిరుగుతవా?"

దుకాణంలో పని చేసేవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. బావ కూడా కొంచెం నవ్వి, తర్వాత తన చేతుల వైపు చూసుకున్నాడు, అవి తనను అడక్కుండా ఏదో చేసినట్టు. అక్క మాత్రం నవ్వలేదు. "ఆకలైతుంది, ఏమన్న తిని వద్దాం" అని బయటికి నడిచింది.

సమోసాలు ఈ ఘట్టంలో వస్తాయి. బావ చేతులు కడుక్కోవడానికి వెళ్లగానే అక్క నా వైపు వంగింది.

"నీకు సమజ్ కాలేదా?"

"ఏంది?"

"లేపుడు. ఆయన ఏది కొన్నా గట్లనే. మిక్సీ కొందామని పోతే లేపిండు. నాకు చెప్పులు కొనేటప్పుడు గూడ చేతుల పట్టుకొని తూకం చూసిండు."

"ఎందుకే?"

"ఎందుకేంది? ఇమానం."

అప్పుడు అర్థమైంది. పోయిన సెలవు చివర్లో నేనూ ఆ ఇంట్లో ఉన్నాను. కోరుట్లలో గల్ఫు మనిషి బయలుదేరే రోజు ఇల్లంతా తూకం దుకాణం. వరండాలో అట్టపెట్టె, నైలాన్ తాడు, దూలానికి వేలాడే కొక్కెం కాంటా. పెట్టెను కాంటాకు తగిలించడం, ముల్లు విమానం వాళ్లు ఒప్పుకునే గీత దాటడం, పెట్టె విప్పడం, ఏదో ఒకటి తీయడం, మళ్లీ కట్టడం. సకినాలు పోతాయి, మామిడి పచ్చడి సగమవుతుంది, కొత్త దుప్పటి వెనక్కి వస్తుంది. బావవాళ్లమ్మ కళ్లు తుడుచుకుంటుంటే, అది కొడుకు పోతున్నందుకో పచ్చడి మిగిలినందుకో నాకు తేలలేదు. అలా ఏడాదికోసారి, రెండేళ్లకోసారి తూచి తూచి, మా బావకు వస్తువంటే ముందు బరువైపోయింది. టూల్ ట్రాలీని కూడా ఆయన కళ్లతో కొనడం లేదు, కాంటాతో కొంటున్నాడు. వెంట తీసుకుపోలేనిది ఆయన చేతులకు నచ్చడం లేదు.

"ఆయనకు చెప్పినవా?" అన్నాను.

"ఆయనకే తెల్వదు. తెలిసి చేస్తె కొట్లాడేదాన్ని."

బావ తడి చేతులు దులుపుకుంటూ వచ్చాడు. "ఏం ముచ్చట్లు పెట్టిన్రు?"

"చట్నీల ఉప్పెక్కువైందని" అన్నాను. అబద్ధం కాదు.

మళ్లీ దుకాణానికి వెళ్లాం. సేటు ఈసారి తెలివిగా నడిమి జాతిని లోపలి నుంచి తోసుకొచ్చాడు. ఇదీ ఎరుపే, కానీ డాబు తక్కువ. బేరింగు పట్టీలు, ఒక్క తాళం, రబ్బరు పరుపు, అరచేయంత చక్రాలు, పక్కన తోయడానికి కడ్డీ. బావ చెప్పిన శాస్త్రమంతా దాని మీద రాసిపెట్టినట్టు ఉంది. ఆయన దగ్గరికి వెళ్లాడు. చేతులు అడుగుకు పోయాయి. ఒక వైపు లేచింది, రెండో వైపు లేవలేదు.

"ఇది గూడ బరువే" అన్నాడు. "వేరే ఏమన్న..."

"సేటూ, గదే ఇయ్యిండ్రి" అంది అక్క.

బావ తిరిగి చూశాడు. "నువ్వు చెప్తవేందే? పనిచేసేది నేను."

"పనిచేసేది నువ్వే. యాడ చేస్తవు?"

"యాడేంది? ఇంటికాడ."

"ఇంటికాడ అయితే బరువెందుకు చూస్తున్నవు? షెడ్డు ముందట ఎవడన్న కాంటా పెట్టుకొని నిల్చున్నడా? పెట్టె బరువైతే పైసలు కట్టుమంటడా?"

బావ చేతులు ఇంకా ట్రాలీ అడుగునే ఉన్నాయి. మెల్లగా బయటికి తీసి ప్యాంటుకు తుడుచుకున్నాడు. సేటుకు ఏమీ అర్థం కాకపోయినా, గొడవ ఆలుమగలదని తెలిసి, పక్కనున్న నట్లను లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే బావ ఫోన్ మోగింది.

ఇలాంటి చోట ఫోన్ మోగితే ఎవరు చేశారో వేరే చెప్పాలా? అక్క ముఖం తెల్లబోయింది. నేను ఊపిరి బిగబట్టాను. కంపెనీ ఫోన్. వీసా గడువు. ఒక్క మాటతో అంతా తారుమారు. బావ ఎత్తి చెవిన పెట్టుకున్నాడు. అవతలి గొంతు ఎంత పెద్దదంటే దుకాణమంతా విన్నది.

"అన్నా! నా మందు కొట్టే పంపు అయిందా? పురుగు పడ్డదే పొలానికి!"

నేను ఊపిరి వదిలేశాను. ఇంత నాటకం చూపించి దేవుడు చివరికి పంపు గల రైతును పంపాడు.

బావ ట్రాలీ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "కాలేదే. రేపు పొద్దుగాల రా, చేసిస్త" అన్నాడు. అవతల ఏదో సణిగారు. "ఏడికి పోతనే? ఇంటికాడనే ఉంట. రా."

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అక్క వైపు చూడలేదు. పై సొరుగు లాగాడు, పూర్తిగా బయటికి వచ్చింది. మోచేతులు దాని మీద ఆనించి బరువు వేశాడు, వంగలేదు. కింది సొరుగు లాగాడు. తాళం వేసి అన్నీ లాగి చూశాడు. చక్రాలను ఒక్కోదాన్ని బొటనవేలితో తిప్పాడు. ఆ రోజు మొదటిసారి ఆయన మెకానిక్‌లాగా కనిపించాడు. చివరికి సేటుతో, "ఇదే కట్టుండ్రి" అన్నాడు. అంతలోనే, "కట్టుడెందుకు, చక్రాలున్నయి" అని తనే దిద్దుకున్నాడు.

బేరం అక్క చేసింది. వివరాలు రాయను, సేటుకు వ్యాపారముంది, పరువుంది.

సామాన్ల ఆటో వెనక ట్రాలీని పట్టుకుని నేను కూర్చున్నాను. అక్కా బావా బస్సులో వచ్చారు. దారిలో ఏం మాట్లాడుకున్నారో తెలియదు. తర్వాత అక్కను అడిగితే, "ఏం లేదు, టికెట్ చిల్లర గురించి" అంది. మా కుటుంబంలో గొప్ప సంభాషణలన్నీ ఈ స్థాయిలోనే జరుగుతాయి.

కోరుట్ల చేరేసరికి ఎండ తగ్గింది. ఆటోలోంచి ట్రాలీని దింపడానికి డ్రైవరుతో కలిపి నలుగురం పట్టాల్సి వచ్చింది. బావ సూట్‌కేసు తెచ్చి తెరిచాడు. పానాలు సైజు ప్రకారం పై సొరుగులో, పకడ్లు దాని కింద, సుత్తెలూ బరువైనవీ అడుగున. అక్క పక్కన కూర్చుని తువ్వాలలు విప్పి అందించింది. నేను సలహాలు అందించాను, ఎవరూ తీసుకోలేదు.

సొరుగులు నిండాక బావ షార్జాకు తనే ఫోన్ చేశాడు. హిందీలో, గట్టిగా, ఇంటి ముందే నిలబడి, ఇక రానని చెప్పాడు. "నహీ భాయ్, అబ్ నహీ ఆతా. ఇధర్ కామ్ హై." అవతలి వాళ్లు చాలాసేపు మాట్లాడారు. బావ మధ్య మధ్యలో "హా భాయ్" అన్నాడు, కానీ మాట మార్చలేదు. పెట్టేశాక కళ్లు కొంచెం తడిగా ఉన్నాయి. నేను చూడనట్టు ట్రాలీ మీద దుమ్ము తుడిచాను. కొత్తది, దుమ్ము లేదు.

అక్క సూట్‌కేసును బోర్లించి దులిపి నా ముందు పెట్టింది.

"ఇది నువ్వు తీస్కపో తమ్మీ."

"నాకెందుకే? నేనేడికి పోత?"

"ఏడికన్న పో. ఇది మాత్రం ఈ ఇంట్ల ఉండొద్దు."

ఆ రాత్రి అందరం కడుపు నిండా తిని పడుకున్నాం. అన్నీ సర్దుకున్నాయి. కథ ఇక్కడ ఆపితే బాగుండేది.

పొద్దున్నే అక్క కేక విని లేచాను. బయటికి ఉరికాను. గుమ్మంలో అక్క రెండు చేతులూ నోటి మీద పెట్టుకుని నిలబడి ఉంది. షెడ్డులో గోడ పక్కన పెట్టిన ట్రాలీ అక్కడ లేదు. వాకిలి దాటి గేటు దగ్గరికి పోయి, గేటుకు ముక్కు ఆనించి నిలబడింది, తలుపు తీయమన్నట్టు. మంచం మీద బావ లేడు. చెప్పులూ లేవు.

"చూసినవా తమ్మీ" అంది అక్క. "మనిషీ లేడు. పెట్టె గూడ ఆగనంటుంది."

చెప్పొద్దూ, ఒక్క క్షణం నేనూ నమ్మాను. అంతలో సందు మలుపులో బావ కనిపించాడు. లుంగీ పైకి కట్టి, పక్కవాళ్లు కడుతున్న ఇంటి దగ్గర్నుంచి ఒక ఇటుక పట్టుకుని వస్తున్నాడు.

"లేశిన్రా?" అన్నాడు. "నీళ్లు పోవాల్నని మేస్త్రీతోని నేల గేటు దిక్కు వాలుగ పోపిచ్చిన. షార్జాల మా గ్యారేజీల నేల సమానంగ ఉంటుండె, బ్రేకు వేసే అలవాటు లేదు."

ట్రాలీని వెనక్కి తోసుకొచ్చి, బ్రేకులు వేసి, బ్రేకు లేని చక్రం కింద ఇటుక పెట్టాడు. ఎవరైనా కొంటే తెలుసుకోవాల్సింది ఒక్కటే: ఈ నడిమి రకం ట్రాలీలకు బ్రేకులు కడ్డీ వైపు రెండు చక్రాలకే ఉంటాయి.